వాన్ విలియమ్స్ సింఫొనీలు: రికార్డు వెనుక చరిత్ర

సంగీతానికి వర్గ స్వభావం ఉంటుందా అన్న ప్రశ్న మన సాహిత్య సభల్లో తరచు వినిపిస్తూనే ఉంటుంది. పాట విషయంలో దీనికి జవాబు చెప్పడం కష్టం కాదు. పాటకు మాట ఉంది; మాటకు అర్థం ఉంది; అర్థానికి దృక్పథం ఉంది. మాట లేని వాద్య సంగీతం దగ్గరకు వచ్చేసరికి మాత్రం మన విమర్శ రెండు దారుల్లో ఏదో ఒకటి పడుతుంది. నాదానికి దేశకాలాలు లేవని చెప్పి చేతులు ముడుచుకోవడం ఒక దారి. వాద్యం గట్టిగా మోగితే యుద్ధమనీ, మెల్లగా మోగితే శాంతి అనీ పేర్లు తగిలించడం రెండో దారి. మొదటిది భావవాదమని మనకు తెలుసు. రెండోది కూడా చరిత్రను ఎగ్గొట్టే పద్ధతేనని గ్రహించడానికి నాకు చాలా కాలం పట్టింది. ఆ గ్రహింపుకు కారణమైన ఒక రికార్డు చరిత్రను ఇక్కడ పరిశీలిస్తాను.

ఆ రికార్డు బ్రిటిష్ స్వరకర్త రాల్ఫ్ వాన్ విలియమ్స్ (1872–1958) సింఫొనీలది. ఆయన తొమ్మిది సింఫొనీలు రాశాడు. మొదటి ఏడింటినీ సర్ ఏడ్రియన్ బోల్ట్ నిర్దేశకత్వంలో లండన్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా వాయించగా, డెక్కా కంపెనీ 1952 నుంచి 1954 జనవరి దాకా లండన్ కింగ్స్‌వే హాలులో రికార్డు చేసింది. ఎనభై ఏళ్ల స్వరకర్త ఆ రికార్డింగులకు స్వయంగా వచ్చి కూర్చునేవాడు. ఎనిమిదో సింఫొనీని 1956లో డెక్కాయే చేర్చింది. తొమ్మిదోదాన్ని 1958లో ఎవరెస్ట్ అనే అమెరికన్ కంపెనీ రికార్డు చేసింది. బోల్ట్ ఆ తరువాత 1967–71 మధ్య వేరే కంపెనీకి తొమ్మిదింటినీ స్టీరియోలో మళ్లీ చేశాడు. శబ్ద స్పష్టత కోరేవారు ఆ రెండోదాన్నే ఎంచుకుంటారు. చరిత్ర కావలసినవారు మాత్రం మొదటిదాని దగ్గరకే రావాలి.

నేను సంగీత శాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. సి.డి.లుగా మళ్లీ వెలువడిన ఈ రికార్డును ఒక మిత్రుడి దగ్గర నుంచి తెచ్చుకుని, పుస్తకం చదివినట్టు పదేపదే విన్నాను. సింఫొనీ అంటే సాధారణంగా నాలుగు భాగాలుగా సాగే పెద్ద వాద్య రచన. ఎనభై తొంభైమంది కలిసి వాయిస్తే తప్ప అది పలకదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే ఈ వ్యాసం అనుసరించడానికి చాలు.

*

ముందు స్వరకర్త వర్గ మూలాలు చూద్దాం. ఆయన తల్లి పింగాణీ పరిశ్రమకు పేరుమోసిన వెడ్జ్‌వుడ్ కుటుంబీకురాలు. చార్లెస్ డార్విన్‌కు మేనకోడలు. కలవారి బడిలో, కేంబ్రిడ్జిలో, రాయల్ కాలేజీ ఆఫ్ మ్యూజిక్‌లో చదువు. బతుకుతెరువు కోసం బాధపడవలసిన అవసరం లేని జీవితం. అలాంటివాడు 1903 డిసెంబరు 4న ఎసెక్స్ జిల్లాలో ఇన్‌గ్రేవ్ అనే పల్లెకు వెళ్లి, చార్లెస్ పాటిఫర్ అనే ముసలి వ్యవసాయ కూలీ చేత పాట పాడించుకుని రాసుకున్నాడు. ఆ రోజు మొదలుపెట్టి ఎనిమిది వందలకు పైగా జానపద గేయాలు సేకరించాడు. జర్మన్ సంగీత శిక్షణ నీడలో పెరిగిన ఇంగ్లీషు స్వరకర్తకు సొంత గొంతు పల్లె కూలీల నోట దొరికింది. ఆయన సింఫొనీల్లో స్వరాలు నడిచే తీరుకు పునాది ఇక్కడే ఉంది.

దీన్ని మనం మెచ్చుకుంటాం. మెచ్చుకోవాలి కూడా. కాని ఇక్కడే ఒక సంగతి గమనించాలి. 1905లో కింగ్స్ లిన్ అనే రేవు పట్నంలో జేమ్స్ కార్టర్ అనే జాలరి ఆయనకొక పాట పాడి వినిపించాడు. అనాథ శరణాలయం నుంచి ఓడ పనికి తెచ్చుకున్న కుర్రవాణ్ణి ఒక కెప్టెన్ హింసించి చంపిన కథ అది. ఆ వరుసను వాన్ విలియమ్స్ మరుసటి ఏడు తన నార్‌ఫోక్ రాప్సొడీలో వాడుకున్నాడు. వరుస కచేరీ హాలు చేరింది. మాటలు రేవులోనే ఉండిపోయాయి. హాలులో కూర్చున్న పెద్దమనుషులు ఆ రాగంలో సముద్రపు అందాన్ని విన్నారు. చచ్చిపోయిన పిల్లవాణ్ణి వినవలసిన అవసరం వారికి కలగలేదు. ఇందులో స్వరకర్త దురుద్దేశం ఏమీ లేదు. ప్రజల కళ ఒక వర్గం చేతి నుంచి ఇంకొక వర్గం చేతికి మారేటప్పుడు ఏది దాటుతుంది, ఏది దాటదు అన్నదే ప్రశ్న. ఈ ప్రశ్నను చేతిలో పెట్టుకుని సింఫొనీల దగ్గరకు వెళ్లాలి.

మొదటిదైన 'సీ సింఫొనీ' (1910) వాల్ట్ విట్మన్ కవితలకు కూర్చిన బృందగానం. వచన కవితోద్యమం నాటినుంచీ మన కవులకు విట్మన్ పేరు పరిచితమే కనుక దీన్ని గురించి ఎక్కువ చెప్పను. రెండోదైన 'లండన్ సింఫొనీ' 1914 మార్చి 27న క్వీన్స్ హాలులో మొదటిసారి మోగింది. ఇందులో వీథిలో పూలమ్మే మనిషి కేక ఉంది, నది ఉంది, గడియారపు గంటలు ఉన్నాయి. సింఫొనీ రాయమని ఆయన్ను పురికొల్పినవాడు జార్జ్ బటర్‌వర్త్ అనే యువ స్వరకర్త. అదే ఏడు రాతప్రతిని జర్మనీకి పంపారు, యుద్ధం వచ్చింది, ప్రతి పోయింది. వాద్యకారుల విడి ప్రతులను దగ్గర పెట్టుకుని బటర్‌వర్త్, మరికొందరు మిత్రులు దాన్ని తిరిగి నిలబెట్టారు. 1916 ఆగస్టు 5న సోమ్ యుద్ధరంగంలో బటర్‌వర్త్ తుపాకి గుండుకు బలయ్యాడు. అప్పటికి అతని వయసు 31. వాన్ విలియమ్స్ ఆ సింఫొనీని అతని స్మృతికి అంకితం చేశాడు.

*

మూడోది 'పాస్టరల్ సింఫొనీ'. పాస్టరల్ అంటే పల్లెపట్టు, పచ్చిక, గొర్రెల మందలు. 1922 జనవరిలో దీన్ని మొట్టమొదట వినిపించినవాడు కూడా బోల్టే. నాలుగు భాగాలూ ఇంచుమించు మంద్రగతిలోనే సాగుతాయి. పేరు చూసి, ఆ నెమ్మది చూసి, సమకాలికులు కొందరు దీన్ని పల్లెటూరి బద్ధకమని ఎగతాళి చేశారు. గేటు మీదుగా చూస్తున్న ఆవుతో పోల్చినవారూ ఉన్నారు. అది ఇంగ్లండు పల్లె కాదన్న సంగతి చాలాకాలం ఎవరికీ తట్టలేదు.

1914లో యుద్ధం మొదలైనప్పుడు వాన్ విలియమ్స్‌కు 41 ఏళ్లు. ఆ వయసులో సైన్యంలో చేరాలన్న నిర్బంధం లేదు. అయినా వైద్య దళంలో మామూలు సిపాయిగా చేరి, ఫ్రాన్సులో అంబులెన్సు బండి మీద క్షతగాత్రులను మోశాడు. ఆ బండి మీద సాయంత్రం పూట కొండ ఎక్కుతూ చూసిన నేలే ఈ సింఫొనీకి ఆధారమని ఆయన తరువాత, 1938లో, ఒక లేఖలో చెప్పుకున్నాడు. అందరూ అనుకున్నట్టు ఇది గొర్రెపిల్లల గంతులు కాదని కూడా అందులోనే అన్నాడు. రెండో భాగంలో ఒక ట్రంపెట్ ఒంటరిగా పలుకుతుంది. మీటలు నొక్కకుండా, సైనికుల బ్యూగిల్ పద్ధతిలో ఊదాలి కనుక కొన్ని స్వరాలు మన చెవికి శ్రుతి తప్పినట్టే ఉంటాయి. శిబిరంలో బ్యూగిల్ అభ్యాసం చేస్తున్న సిపాయి ఒక స్వరం ఊదబోయి పక్క స్వరం ఊదడం ఆయన విన్నాడు. ఆ తప్పును దిద్దకుండా అలాగే ఉంచాడు. చివరి భాగం మొదట్లోనూ ముగింపులోనూ ఒక స్త్రీ కంఠం వినిపిస్తుంది. ఆ పాటకు మాటల్లేవు. డెక్కా రికార్డులో ఆ కంఠం మార్గరెట్ రిచీది.

కింగ్స్ లిన్ పాటకు ఉన్న మాటలు పోయాయి. ఇక్కడ మాటలు మొదటే లేవు. ఈ రెంటికీ తేడా ఉంది. మొదటి చోట మౌనం వర్గ సౌకర్యం. రెండో చోట మౌనం శవాలు మోసి వచ్చినవాడిది. విన్నవాడికి రెండూ 'పచ్చిక బయళ్లు'గానే వినిపించవచ్చు. ఈ తేడాను పట్టుకోవాలంటే చెవి ఒక్కటే చాలదు, చరిత్ర కావాలి. నాదానికి దేశకాలాలు లేవనేవారికి ఇదే నా సమాధానం.

*

ఇక రెండో దారి సంగతి. ఇక్కడ దోషం నాదే.

నాలుగో సింఫొనీ 1935 ఏప్రిల్ 10న వెలువడింది. అప్పటిదాకా సాత్వికుడనుకున్న మనిషి దగ్గర నుంచి కర్కశమైన, కోపంతో కొట్టుకుపోతున్న రచన వచ్చింది. ఐరోపాలో ఫాసిజం తలెత్తిన కాలం. ముల్క్ రాజ్ ఆనంద్, సజ్జాద్ జహీర్ మొదలైన మన యువ రచయితలు అదే లండన్‌లో కూర్చుని అభ్యుదయ రచయితల సంఘం ప్రణాళిక సిద్ధం చేసుకున్న కాలం కూడా అదే. శ్రోతలు ఆ సింఫొనీలో ఫాసిజం పదధ్వని విన్నారు. ఆరోది 1948 ఏప్రిల్ 21న వచ్చింది. మూడు భాగాల భీకర సంగీతం తరువాత, చివరి భాగం మొదటి నుంచి తుది దాకా అతి మంద్రంగా, ఎక్కడా ఒక్క మెట్టు కూడా పైకి లేవకుండా సాగి ఆగిపోతుంది. హిరోషిమా జరిగి అప్పటికి మూడేళ్లు కాలేదు. అణుబాంబు పడ్డాక మిగిలే ప్రపంచం ఇదేనన్నారు. రెండేళ్లు దాటేసరికి ఆ సింఫొనీ వందసార్లకు పైగా ప్రదర్శితమైంది.

ఒక సాహిత్య సభలో నేనూ ఇదే చెప్పాను. ఆరో సింఫొనీ అణు యుద్ధ వ్యతిరేక రచన అని ఢంకా బజాయించాను. సభ ముగిశాక ఒక విద్యార్థి వచ్చి, "మాస్టారూ, ఇది ఆయన చెప్పిందా, మీరు చెబుతున్నదా?" అని అడిగాడు. వెళ్లి చదివాను. ఆయన చెప్పలేదు. చెప్పకపోవడమే కాదు, అలా అన్నవారి మీద చిరాకు పడ్డాడు. మనిషికి ఊరికే ఒక సంగీత రచన చేయాలనిపించవచ్చునన్న సంగతి జనానికెందుకు తట్టదని విసుక్కున్నాడు. చివరి భాగానికి మాటల్లో అర్థం చెప్పవలసివస్తే షేక్‌స్పియర్ 'టెంపెస్ట్' నాటకంలో ప్రాస్పెరో మాటలు దగ్గరగా ఉంటాయని చాలా ఏళ్ల తరువాత ఒక లేఖలో రాశాడు.

అయితే స్వరకర్త కాదన్నాడు కనుక 1948 నాటి శ్రోతలు విన్నది అబద్ధమా? కాదు. బాంబులకు కూలిన నగరంలో కూర్చుని, అణుబాంబు ఫోటోలు పత్రికల్లో చూసినవారు ఆ మంద్ర సంగీతంలో ఏది విన్నారో అది వారి చరిత్ర. దాన్ని స్వరకర్త ఉద్దేశంగా చెప్పడమే నేను చేసిన పొరపాటు. రచయిత రాసిన చరిత్ర ఒకటి, శ్రోత విన్న చరిత్ర ఒకటి. రెండూ నిజాలే. ఒకదాని స్థానంలో ఇంకొకటి పెట్టినప్పుడే విమర్శ అబద్ధమవుతుంది. సాహిత్యంలో మనం ఈ పని ఎన్నిసార్లు చేయలేదు? మనకు నచ్చిన కవి చేత మనకు కావలసిన మాట చెప్పించి, అతను అభ్యుదయవాది అని ముద్ర వేసి పంపలేదా?

వాన్ విలియమ్స్ అభ్యుదయాన్ని సింఫొనీల్లో వెతికి పట్టుకోవలసిన అవసరం కూడా లేదు. ఆయన నడవడిలో అది బాహాటంగానే ఉంది. 1941లో కమ్యూనిస్టు స్వరకర్త అలన్ బుష్ ఒక రాజకీయ ప్రకటన మీద సంతకం చేశాడన్న కారణంతో బి.బి.సి. అతని సంగీతాన్ని నిషేధించింది. బుష్ రాజకీయాలతో వాన్ విలియమ్స్‌కు ఏకీభావం లేదు. అయినా నిరసనగా, బి.బి.సి. తనకిచ్చిన రచన పనిని వదులుకుని, డబ్బు తిప్పి పంపాడు. నాజీల నుంచి పారిపోయి వచ్చి ఇంగ్లండులో నిర్బంధంలో పడ్డ సంగీతకారుల విడుదలకు పని చేసిన కమిటీకి అధ్యక్షుడిగా ఉన్నాడు. ఈ పనులు సింఫొనీలో వినిపించవు. వినిపించనక్కర లేదు.

*

ఇంతవరకు చెప్పింది రాసినవాడి సంగతి, విన్నవారి సంగతి. ఈ రెంటి మధ్య ఇంకొకరున్నారు. రికార్డు అట్ట మీద వాళ్లందరినీ కలిపి 'ఆర్కెస్ట్రా' అన్న ఒక్క మాటలో సరిపెట్టేస్తారు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది వీరి చరిత్రే.

లండన్ ఫిల్‌హార్మోనిక్‌ను 1932లో సర్ థామస్ బీచమ్ స్థాపించాడు. ధనికుల విరాళాలతో నడిచింది. 1939లో యుద్ధం రాగానే డబ్బు ఆగిపోయింది. ఆర్కెస్ట్రా దివాలా తీసింది. అప్పుడు వాద్యకారులే దాన్ని చేతుల్లోకి తీసుకున్నారు. తమలోంచి కమిటీని ఎన్నుకుని సహకార పద్ధతిలో నడుపుకున్నారు. వయోలా వాయించే థామస్ రస్సెల్ కార్యదర్శి అయ్యాడు. కచేరీ హాలు మొహం చూడని పారిశ్రామిక పట్టణాలకు వెళ్లి, వినోద ప్రదర్శనల నాటకశాలల్లో సింఫొనీలు వాయించారు. 1941 మే 10 రాత్రి జర్మన్ బాంబులకు క్వీన్స్ హాలు తగలబడింది. ఆ మధ్యాహ్నమే అక్కడ కచేరీ చేసి, వాద్యాలు అక్కడే వదిలి వెళ్లినవారు ఉదయం వచ్చి బూడిద చూశారు. రేడియోలో విజ్ఞప్తి వెలువడగానే జనం తమ ఇళ్లలో ఉన్న వాద్యాలను తెచ్చి ఇచ్చారు. 'లండన్ సింఫొనీ' పుట్టిన హాలు అలా పోయింది. దాన్ని తరువాత రికార్డు చేసిన ఆర్కెస్ట్రాను మాత్రం సామాన్య జనం నిలబెట్టుకున్నారు.

థామస్ రస్సెల్ కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. యుద్ధకాలంలో అది ఎవరికీ అభ్యంతరం కాలేదు. 1950లో బి.బి.సి. నుంచి వయసు పేరుతో రిటైర్ చేయబడ్డ బోల్ట్‌ను ప్రధాన నిర్దేశకుడిగా తెచ్చుకున్నది రస్సెల్ కాలంలోనే. ఇంతలో ప్రచ్ఛన్న యుద్ధం ముదిరింది. కొరియాలో బ్రిటిష్ సైనికులు చైనా సైనికులతో పోరాడుతున్నారు. 1952లో రస్సెల్ చైనా వెళ్లి వచ్చాడు. అతని రాజకీయాల వల్ల ఆర్కెస్ట్రాకు చేటు జరుగుతుందని వాద్యకారుల్లోనే పలుకుబడి ఉన్నవారు కొందరు అన్నారు. బోల్ట్ మొదట రస్సెల్‌ను వెనకేసుకొచ్చాడు. ఒత్తిడి పెరిగాక ఆ అండ తీసేశాడు. రస్సెల్‌ను పదవి నుంచి తొలగించారు. ఆర్థిక సహాయం పోతుందన్న భయమే బోల్ట్ మనసు మార్చిందని ఒక చరిత్రకారుడు అంటాడు. కొత్తగా కట్టిన రాయల్ ఫెస్టివల్ హాలులో స్థిరమైన చోటు దొరుకుతుందన్న ఆశ అని మరొకరు అంటారు. ఏది నిజమైనా, కార్మికులు నిర్మించుకున్న సంస్థ కార్మిక నాయకుణ్ణి బయటకు పంపింది. డెక్కా రికార్డింగులు మొదలైన సంవత్సరమూ 1952వే.

ఈ సంగతి తెలిశాక నేను ఆ 'పాస్టరల్' రికార్డును మునుపటిలా వినలేకపోయాను. సంగీతం చెడిపోయిందని కాదు. అంత ప్రశాంతంగా కలిసి ఊపిరి తీస్తున్న ఆ బృందంలో ఎవరు ఎటు ఓటు వేశారో, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో అన్న ఆలోచన విడవలేదు. ఆ ఐక్యత అబద్ధమా అని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. అబద్ధమని చెప్పలేను. మనసులు విడిపోయినవాళ్లు కూడా పనిలో శ్రుతి కలపగలరు. కలపకపోతే కూలి రాదు. ఆ సమష్టి శ్రమ నిజం. ఆ ద్రోహమూ నిజం. రికార్డులో రెండూ ఉన్నాయి, ఒక్కటే వినిపిస్తుంది.

చరిత్ర వెక్కిరింత అక్కడితో ఆగలేదు. 1956లో సోవియట్ యూనియన్‌కు వెళ్లిన మొదటి బ్రిటిష్ ఆర్కెస్ట్రా ఇదే. చైనా వెళ్లిన నాయకుణ్ణి తొలగించిన నాలుగేళ్లకు, అదే బోల్ట్ నిర్దేశకత్వంలో, ఆ పర్యటనలో వాన్ విలియమ్స్ నాలుగో సింఫొనీని వాయించారు. మరుసటి ఏడు, 1957లో, ఆర్కెస్ట్రా ఆర్థిక పరిస్థితి క్షీణించి నెలజీతాలు రద్దయ్యాయి. వాయించిన రోజుకే డబ్బు అన్న పద్ధతి వచ్చింది. రస్సెల్‌ను బలి ఇచ్చి కాపాడుకుందామనుకున్న భద్రత కూడా దక్కలేదు.

*

ఆరో సింఫొనీ రికార్డు చివర ఒక చిన్న ప్రసంగం ఉంది. రికార్డింగు ముగిశాక వాన్ విలియమ్స్ లేచి వాద్యకారులకు కృతజ్ఞతలు చెప్పాడు. కంపెనీ దాన్ని కూడా రికార్డులో చేర్చింది. ఆ సింఫొనీ అర్థమేమిటో ఆ ముసలి గొంతు చెప్పదు. వాయించినవారి పనిని గుర్తిస్తుంది. ఆ రికార్డులో మనిషి మాటగా వినిపించే చోటు ఇలా శ్రమను గౌరవించే మాటతో నిండటం నాకు యాదృచ్ఛికమనిపించలేదు.

తొమ్మిదోదాని రికార్డింగు 1958 ఆగస్టు 26న ఏర్పాటయింది. స్వరకర్త రావలసి ఉంది. ఆ తెల్లవారుజామునే ఆయన చనిపోయాడు. వాద్యకారులు పని ఆపలేదు. రికార్డు మొదట్లో బోల్ట్ ఆ సంగతి క్లుప్తంగా చెబుతాడు. తరువాత సంగీతం మొదలవుతుంది. రచయిత లేడు, రచన ఉంది, పనివాళ్లున్నారు.

కింగ్స్‌వే హాలు కింద భూగర్భ రైలు మార్గం ఉండేది. ఎంత జాగ్రత్తపడినా కొన్ని రికార్డింగుల్లో ఆ రైళ్ల చప్పుడు దొర్లేదని శబ్ద సాంకేతికులు చెప్పుకుంటారు. ఆ హాలు 1998లో నేలమట్టమైంది. ఎంత స్వచ్ఛమైన కళ అయినా ఎక్కడో ఒక హాలులో, ఎవరి కూలితోనో, ఒక రైలు మీదనే తయారవుతుంది. ఆ చప్పుడును తొలగించి వినమనేది కళావాదం. ఆ చప్పుడే సంగీతమనేది మనలో కొందరం చేసిన పొరపాటు. రాసినవాడి జీవితాన్ని, వాయించినవారి శ్రమను, విన్నవారి కాలాన్ని వేరువేరుగా గుర్తించి, అవి ఎక్కడ కలిశాయో చూపడం విమర్శకుడి పని.

విదేశీ రికార్డు గురించి ఇంత ఎందుకు అని అడిగే మిత్రులకు ఒక మాట. మన ఉద్యమ గీతాల రికార్డులు మన ఇళ్లలోనే ఉన్నాయి. వాటిమీద కవి పేరు ఉంటుంది, గాయకుడి పేరు ఉంటుంది. డప్పు వాయించినవాడి పేరు ఎన్నిటి మీద ఉందో ఒకసారి తీసి చూడమని కోరుతున్నాను.